సగంలో ఆపిన సినిమా

నేను ఒక తెల్ల దుప్పటిని. చీరాలలో ఒక మగ్గం మీద పుట్టాను. నన్ను నేసినాయన అంచుకు సన్నటి నీలం గీత పెట్టి, ఎవరి మంచం మీద పడతావో అన్నట్టు ఒకసారి నిమిరాడు. మంచం రాత నాకు లేదు. ఒంగోలులో కౌన్సెలింగ్ చేసే ఎస్తేరు మేడం నన్ను కొని, తన గది గోడకు రెండు మేకులు కొట్టి వేలాడదీసింది. ఆ రోజు నుంచి సినిమా తెరనయ్యాను.

నా మీద ఎన్ని వానలు కురిసినా ఒక్క చుక్క నన్ను తడపలేదు. ఎన్ని ఇళ్ళు తగలబడినా సెగ తగల్లేదు.

మేడం పద్ధతి వేరు. అయినవాళ్ళను పోగొట్టుకుని వచ్చినవాళ్ళకు సినిమా వేసేది. ముగింపుకు ముందు ఆపేసి, "తర్వాత ఏమవుతుందో మీరు చెప్పండి" అనేది. మనుషులు చిత్రమైనవాళ్ళు. తమ కథ అడిగితే నోరు విప్పరు. పక్కవాళ్ళ కథంటే గడగడా చెబుతారు, చెబుతూ చెబుతూ తమదే చెప్పేస్తారు.

ఒకరోజు మల్లీశ్వరి, ఆమె అన్న ఏడుకొండలు వచ్చారు. మధ్యలో ఒక కుర్చీ ఖాళీగా వదిలి కూర్చున్నారు. వాళ్ళ నాన్న పోయి ఏడాది కావస్తోంది. ఆయన పోయిననాటికి మల్లీశ్వరి అత్తగారింట్లో రెండు రోజుల బాలింత. బాలింతకు చావు కబురు చెబితే పాలు ఎండిపోతాయన్నారు పెద్దవాళ్ళు. అన్న దాచాడు. ఇరవయ్యొకటో రోజు పురిటిస్నానం అయ్యాక ఆమె భర్త చేత చెప్పించాడు. అప్పటికి దహనమూ అయింది, దినమూ అయింది. చివరిచూపు లేకుండా చేసినవాడి గడప తొక్కనని ఆమె మాట మానేసింది. వచ్చే ఆదివారమే సంవత్సరీకం. దానికైనా చెల్లెలు వస్తుందేమోనని ఏడుకొండలు ఆశ.

"రోజూ ఫోన్ చేసేదాన్ని మేడం," అంది మల్లీశ్వరి నావైపే చూస్తూ. "నాన్నకియ్యి అన్నయ్యా అంటే, పడుకున్నాడే అనేవాడు. పురిటి మంచంలో ఉండి నమ్మాను. పంతొమ్మిది రోజులు పడుకున్నాడంట మా నాన్న! కుంభకర్ణుడైనా మధ్యలో తిండికి లేస్తాడు."



మేడం సినిమా వేసింది. అందులో ఒక అన్న, అమ్మ పోయిందని వచ్చిన ఉత్తరాన్ని తమ్ముడి పరీక్షలు అయ్యేదాకా బియ్యం డబ్బాలో దాస్తాడు. ఒకనాడు తమ్ముడు అన్నం వండబోయి ఆ డబ్బా మూత మీద చెయ్యి వేస్తాడు. అక్కడ బొమ్మ ఆగింది. అది చూస్తున్న అన్న మొహం నా మీద అలాగే నిలిచిపోయింది.

"ఇప్పుడు ఆ అన్న ఏం చేస్తాడు?" అని అడిగింది మేడం.

ఏడుకొండలు అన్నాడు: "ఏం చేస్తాడు మేడం. పెరట్లోకి పోయి కుళాయి తిప్పుతాడు. ఆ నీళ్ళ చప్పుడులో ఏడుస్తాడు. మొహం కడుక్కుని వచ్చి ఫోనెత్తి, పడుకున్నాడే అంటాడు."

ఆ సినిమాలో ఫోనే లేదు. ఆ సంగతి నాకు తెలుసు, మేడంకు తెలుసు. మల్లీశ్వరికీ తెలిసింది.

ఆమె లేచింది. వెళ్ళిపోతుందనుకున్నాను. నా దగ్గరకు వచ్చి, ఆగిపోయిన ఆ మొహం పక్కన నిలబడి, తన అన్న వైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పు అన్నయ్యా. ఆ రోజు చెప్పాల్సిన మాట."

"ఏడాదైంది కదమ్మా..."

"నా చెవిన నువ్వు చెప్పలేదుగా."

ఏడుకొండలు కుర్చీలోంచి లేచాడు. "మల్లీ... నాన్న పోయాడే."

అప్పుడే విన్నట్టు ఆమె బావురుమంది. మొహం దాచుకోవడానికి చేతికందిన నన్ను లాక్కుంది. అదే నేను మొదటిసారి తడవడం. మేకు దగ్గర పర్రున చినిగాను. ఒక పీలిక ఆమె గుప్పిట్లో ఉండిపోయింది. సినిమా ముగింపు ఎవరూ అడగలేదు.

మిగిలిన నన్ను మేడం చేతిరుమాళ్ళుగా కత్తిరించి, కుర్చీల పక్కన డబ్బాలో పెట్టింది. గోడ మీద ఇప్పుడు కొత్త తెర ఉంది. నాకేం అసూయ లేదు. దానికంటే నాకే పని ఎక్కువ.

పీలికనైన నేను మాత్రం ఆదివారం మల్లీశ్వరితో వెళ్ళాను. పిండం కాకి ముట్టగానే ఏడుకొండలు గబగబా పెరట్లోకి నడిచి కుళాయి తిప్పాడు. వెనకే వెళ్ళి ఆమె కట్టేసింది.

"నా ముందే ఏడువు అన్నయ్యా" అని నన్ను అతని చేతిలో పెట్టింది.