పరావలయం ఎంత లోతులో ఉంది

ఆ ఫారంలో ఏడో ప్రశ్న లేకపోతే నాకీ కష్టం వచ్చేది కాదు. "గ్రాఫింగ్ కాలిక్యులేటర్ వాడకంలో శిక్షణ పొందారా?" అని అడిగారు. "పొందాను" అని రాసి సంతకం పెట్టాను. అప్పటికి ఆ వస్తువును ముట్టుకోను కూడా లేదు.

ఎందుకు రాశానంటే, ఫిజిక్స్ చెప్పే జయంత్ ఎదురు కుర్చీలో కూర్చుని నవ్వాడు కాబట్టి. "మీకెందుకు మేడం ఈ తలనొప్పి, నేను చూసుకుంటాలెండి" అన్నాడు. మంచి మనసుతోనే అని ఉంటాడు. కానీ ఇరవయ్యారేళ్ళుగా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతున్న ఈ శ్రీసత్యను పట్టుకుని అలా అంటే ఒళ్ళు మండదా? మా నాన్న స్టీలు ప్లాంటు ఉద్యోగానికి అమలాపురం నుంచి వచ్చినప్పుడు సామానుతో పాటు కోపాన్ని కూడా మూటగట్టి తెచ్చుకున్నారని మా అమ్మ అనేది. ఇద్దరు అన్నయ్యలున్నా ఆ మూట మాత్రం నా వాటాకే వచ్చింది.

సంగతేమిటంటే, ఒక ట్రస్టు వాళ్ళు మా ప్రభుత్వ జూనియర్ కాలేజీకి ఇరవై గ్రాఫింగ్ కాలిక్యులేటర్లు, వాటితో పాటే ఆ ఫారమూ పంపారు. సమీకరణం కొడితే చాలు, చిన్న తెర మీద దాని గీత గీసి చూపిస్తాయట. శుక్రవారం వాళ్ళ మనిషి వచ్చి నా క్లాసు చూస్తుంది. పిల్లలు వాడగలుగుతున్నారనిపిస్తే పెట్టె మాకే ఉంటుంది. లేకపోతే సబ్బవరం కాలేజీకి పోతుంది. "మీరు శిక్షణ పొందారు కాబట్టి నాకు బెంగ లేదమ్మా" అన్నారు ప్రిన్సిపాల్ అర్జునరావు గారు. ఆయనకు లేని బెంగంతా వచ్చి నా నెత్తిన కూర్చుంది.

సోమవారం కాలేజీ వదిలాక ఖాళీ క్లాసులో పెట్టె విప్పాను. నాకు బాగా అలవాటైన లెక్క ఒకటుంది, x² − 14x + 89. గిన్నెలా వంగే ఆ పరావలయాన్ని బోర్డు మీద కళ్ళు మూసుకుని గీయగలను. మీటలు వెతుక్కుని కొట్టాను. తెర మీద నిలువు గీత, అడ్డగీత వచ్చాయి. పరావలయం లేదు. మళ్ళీ కొట్టినా లేదు. బ్యాటరీలు తీసి పెట్టాను. అయినా లేదు. యంత్రం చచ్చిందని తీర్మానించి ఇంకోటి తీశాను. అదీ అంతే. నాలుగింటిని ఆ రకంగా పరీక్షించి, బల్ల చివర వరసగా పడుకోబెట్టాను. ఎవరో పనికిరాని సరుకు అంటగట్టారని ట్రస్టు వాళ్ళ మీద కోపం కూడా వచ్చింది. కోపం వచ్చాక కాస్త హాయిగా అనిపించింది.

"ఏటి మేడం, నాలుగూ పోనాయా?"

కిటికీ బయట నిచ్చెన మీద ఒకతను గోడకు రంగు వేస్తున్నాడు. నలభై అయిదేళ్ళుంటాయి, ఎండకు బాగా నల్లబడ్డ మనిషి. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో తెలియదు.

"నీ పని నువ్వు చూసుకో బాబూ."

"సూసుకుంతన్నానండి. గీత రానేదని నాలుగింటిని పక్కనెట్టేసినారు. మిగతా పదారూ కూడా ఎట్టేత్తారేటని అడుగుతన్నాను."

"గీత వస్తుందని నీకెలా తెలుసు?"

"దీని సంగతి నాకు తెల్దండి. మా బోటులో ఎకో ఉంతాది. సముద్రం అడుగు ఎంత లోతో గీత గీసి సూపిత్తాది. కొత్తగా వచ్చిన కుర్రోల్లు అది సూసి, ఏటీ కనపడట్లేదు, పాడైపోనాదంటారు. పాడవదండి. అడుగు నలభై బారల్లో ఉంటే, ఆల్లు రేంజి ఇరవైలో ఎట్టుకుని కూకుంతారు."

బార అంటే ఎంతో నాకు తెలియదనుకున్నాడేమో, నిచ్చెన మీదే రెండు చేతులూ బారజాపి చూపించాడు. కుంచె మీది రంగు కిటికీ ఊచల మీద పడింది. తర్వాత నా వైపు వంగి, ఆసుపత్రిలో నర్సు జ్వరం ఎంతుందని అడిగినట్టు అడిగాడు.

"మీదెంత లోతులో ఉందండి?"

ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో పరావలయం ఎంత లోతులో ఉందని నన్నెవరూ అడగలేదు. మనసులో లెక్క వేశాను. x విలువ ఏడు దగ్గర దాని అడుగు. అడుగు ఎత్తు సరిగ్గా నలభై.

"నలభై" అన్నాను.

"మరి మీ రేంజెంత?"

వెతికితే విండో అనే మీట దొరికింది. నొక్కి చూస్తే తెర ఎత్తు పదికే ఆగి ఉంది. బోర్డు మీదైతే గీత ఎక్కడ పడుతుందో ముందే చూసుకుని దానికి తగ్గట్టు నేనే కొలతలు వేసుకుంటాను. వేసుకుంటున్నానన్న సంగతి కూడా నాకు తెలియదు. పదిని వందగా మార్చి మళ్ళీ కొట్టాను. గీత తాపీగా పైనుంచి దిగి, ఏడు దగ్గర ఒళ్ళు విరుచుకుని, మళ్ళీ పైకి పోయింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజున కూడా నాకంత సంతోషం కలగలేదు.

అతను ఊచల్లోంచి తెరను జాగ్రత్తగా చూశాడు. "మా దాంట్లో లోతు కిందకండి. మీది పైకుంది. తలకిందులుగా ఏటకెల్తన్నారన్నమాట."

బల్ల చివర పడుకోబెట్టిన నాలుగింటినీ ఒక్కొక్కటే తీసి బతికించాను. అతను ఒక్కోదానికీ తల ఊపి లెక్కపెట్టుకున్నాడు.

పేరు నూకాలు. ఫిషింగ్ హార్బర్‌లో ఒక బోటు నడిపే సరంగు. వేట నిషేధం ఉన్న రెండు నెలలూ దొరికిన పని చేసుకుంటాడు. వెళ్ళబోతూ గొంతు తగ్గించాడు.

"మా పాప సాయిదుర్గ మీ క్లాసేనండి. నా కూతురని నాను సెప్పినట్టు ఎవరికీ తెలియనీకండి. కాలేజీలో కనపడినా పలకరించొద్దంది. సిన్నపిల్ల, సిగ్గు."

చెప్పనని మాటిచ్చాను. ఫారంలో అబద్ధం రాసిన మనిషికి ఆ పిల్ల సిగ్గు బాగానే అర్థమైంది.

మంగళవారం నుంచి పాఠం మారిపోయింది. "అడుగు ఎక్కడుందో చూసుకోకుండా మీట నొక్కారంటే ఊరుకోను" అని చెప్పాను. లోతెంత, అది మన కిందే ఉందా పక్కనుందా అని అడిగి మరీ నొక్కించాను. కిటికీ బయట నూకాలు గారు ఆ ఒక్క గోడకే మూడు రోజులు రంగు వేశారు. ఆయన్ని చూడకుండా ఉండడానికి సాయిదుర్గ మెడ పట్టేసేంతగా పుస్తకంలోకి వంగి కూర్చునేది.

శుక్రవారం ట్రస్టు నుంచి మధులత అనే ఆవిడ వచ్చింది. వెనక బెంచీలో అర్జునరావు గారు, ఆయన పక్కన జయంత్ కూర్చున్నారు. నేను తయారు చేసుకున్న లెక్కల వైపు ఆవిడ చూడనైనా లేదు. తనే బోర్డు మీద x² − 60x + 1000 అని రాసి గీయమంది. కంగారులో అందరూ అడుగు చూసుకోకుండానే మీట నొక్కేశారు, ఇరవై తెరలూ ఖాళీగా వచ్చాయి. జయంత్ సానుభూతిగా ముందుకు వంగాడు.

సాయిదుర్గ లేచింది. రోజూ పుస్తకంలో రాసినట్టు మాట్లాడే పిల్ల, ఆ తొందరలో ఇంటి మాటే మాట్లాడేసింది.

"అడుగు ముందు సూసుకోవాలండి. వంద లోతులో ఉంది. అదీ మన కింద నేదు, ముప్పై అవతలుంది. బోటు అటు తీసుకెల్లాలి."

అడ్డం అరవై దాకా, నిలువు వెయ్యి దాకా పెట్టారు. ఇరవై తెరల మీదా ఇరవై పరావలయాలు దిగాయి.

మధులత చాలా సంతోషించింది. పెట్టె ఇక్కడే ఉంటుందని అప్పుడే చెప్పేసింది. అక్కడితో ఆగి ఉంటే నేను జయంత్ వైపు ఒక చూపు చూసి గొప్పగా ఇంటికి పోయేదాన్ని. ఆవిడ ఆగలేదు. నా ఫారం తీసి ఏడో ప్రశ్న మీద వేలు పెట్టింది.

"ఈ శిక్షణ ఎక్కడ తీసుకున్నారండి? మిగతా కాలేజీల వాళ్ళనీ అక్కడికే పంపిస్తాం."

ఏదో ఒక ఊరి పేరు చెప్పేయాలని నాలుక చివరిదాకా వచ్చింది. హైదరాబాద్ అంటే ఎవరు వెళ్ళి చూస్తారు? కానీ కిటికీ బయట కుంచె చప్పుడు వినిపిస్తోంది.

"ఫారంలో నేను రాసింది అబద్ధమండి. రాసిన రోజుకి నాకు దీన్ని ఆన్ చేయడం కూడా రాదు. సోమవారం సాయంత్రం ఈ గదిలోనే నేర్చుకున్నాను. నేర్పింది ఆయన" అని కిటికీ వైపు చూపించాను.

అందరూ తిరిగారు. నూకాలు గారు నిచ్చెన మీద దొరికిపోయారు. అర్జునరావు గారు ఒకసారి దగ్గారు.

"రంగులు వేసే ఆయనా?" అంది మధులత.

మాటిచ్చాను కాబట్టి నేనిక నోరు విప్పలేదు. ఎవరో వెనక కిసుక్కున నవ్వారు. మధులత కలం తీసుకుని, "పోనీ పేరు చెప్పండి, రాసుకుంటాను" అంది.

బెంచీ చప్పుడైంది. సాయిదుర్గ ఇంకా నిలబడే ఉంది. చెవులు ఎర్రబడ్డాయి గానీ గొంతు మాత్రం వెనక గోడ దాకా వినిపించింది.

"సూరాడ నూకాలు గారండి. రంగులేసే ఆయన కాదు, సరంగు. మా నాన్న."

మధులత రాసుకుంది. నూకాలు గారు మా ఎవరి వైపూ చూడకుండా గోడకు రంగు వేస్తూనే ఉన్నారు. కుంచె డబ్బాలో ముంచలేదన్న సంగతి ఆయనకు చాలాసేపటి వరకు తెలియలేదు.