బంతిపూల రంగు కారు

నేను ఒక కారును. కంపెనీ పేరు చెప్పను. ఈ వయసులో నా దగ్గుకూ తుమ్ముకూ పుట్టింటివాళ్లను బాధ్యుల్ని చేయడం భావ్యం కాదు. మూడు లక్షల కిలోమీటర్లు దాటాక నా మీటరు కూడా సిగ్గుపడి తిరగడం మానేసింది.

నన్ను మొదట కొన్నది కరీంనగర్‌లో ఒక పళ్ల డాక్టరు. కొత్త సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు చిరిగిపోతాయని ఆయన భార్యాపిల్లల్ని గట్టిగా కూర్చోనిచ్చేవాడు కాదు. ఏళ్లు గడిచాక కవర్లు తీస్తే సీట్లు కొత్తగానే ఉన్నాయి, నేనే పాతబడ్డాను. వెంటనే ఒక డ్రైవింగ్ స్కూలుకు అమ్మేశాడు. అక్కడ ఊళ్లో సగంమంది నా క్లచ్చును తొక్కి తొక్కి లైసెన్సులు తెచ్చుకున్నారు. గేరు పడనప్పుడల్లా నన్నే తిట్టేవారు. పడినప్పుడు మాత్రం ఆ ఘనత వాళ్లదే.

ఆ తర్వాత జగిత్యాల స్వరాజ్యం చేతికొచ్చాను. పెళ్లిపందిళ్లకు పూలు కట్టడం ఆమె పని. నలభైకి దగ్గరపడిన మనిషి. ఎన్ని పెళ్లిళ్లు అలంకరించిందో ఆమెకే లెక్క తెలియదు, తను మాత్రం పెళ్లి చేసుకోలేదు. నన్ను చూడగానే మనసుపడింది. నా వెనక సీటు తీయించి బంతిపూల బస్తాలు వేసింది. బస్తాల రంగు చూసి ముచ్చటేసి, నాకూ అదే రంగు కొట్టించింది.

నా కష్టాలన్నీ ఆ ముచ్చటతోనే మొదలయ్యాయి. రంగు కొట్టినవాడు పెట్రోలు మూత తీయకుండానే దాని మీదా దట్టంగా కొట్టాడు. ఆ మూతకు గాలి పీల్చుకోవడానికి చిన్న రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోయింది. పెట్రోలు తగ్గేకొద్దీ ఆ చోటికి గాలి రావాలి కదా, రాదు. కాసేపు పరుగెత్తి, ఊపిరాడక ఆగిపోయేదాన్ని. నాకు సంగతి తెలుసు. చెప్పడానికి హారన్ తప్ప మరో నోరు లేదాయె.

మెకానిక్కులు నా ప్లగ్గులు మార్చారు, పంపు మార్చారు, చివరికి ముఖాలు మార్చుకున్నారు. అప్పుడెవరో స్వరాజ్యాన్ని ఫోనులో ఒక గుంపులో చేర్చారు. చుట్టుపక్కల పాత కార్లున్నవాళ్లంతా అందులో ఉన్నారు. తమ బండి నడవకపోయినా పక్కవాడి బండి నడిపించడంలో వాళ్లను మించినవారు లేరు. నేను ఆగిన ప్రతిసారీ ఆమె ఫోను మోగిపోయేది. ఒకరు కార్బురేటరు కడగమన్నారు, ఒకరు నిమ్మకాయ కట్టమన్నారు. రిటైరైన లెక్కల టీచరు శంకరయ్య మాస్టారు మాత్రం ఏ రోగానికైనా ఒకే మాట: "బ్యాటరీ వైరు వదులైంది, చూడమ్మా."

ఆ గుంపులోనే కోరుట్ల గంగారాం ఉన్నాడు. ఫోటో స్టూడియో నడుపుతాడు. ఆయన దగ్గర నా తోబుట్టువే ఉంది, నీలం రంగుది. ఫోనులో చెబితే లాభం లేదని ఒకరోజు ఆయనే వచ్చి నాలో కూర్చున్నాడు. రాయికల్ దారిలో ఎప్పటిలాగే నా ఊపిరి ఆగింది. ఆయన బానెట్ ఎత్తి లోపలికి తల దూర్చాడు. స్వరాజ్యం విసుగుతో, అసలు పెట్రోలుందో లేదో చూద్దామని వెనక మూత తిప్పింది.

ఉస్స్‌మంది.

"ఏందిది, పాములెక్క బుస కొట్టింది?" అంది.

గంగారాం తల ఎత్తాడు. "ఇప్పుడు తాళం తిప్పుండ్రి."

తిప్పింది. అందుకున్నాను. మూత బిగించి నడిపారు, ఆగాను. వదులు చేసి నడిపారు, పరుగెత్తాను. స్వరాజ్యం దండలు గుచ్చే సూది తీసి, మూత మీది రంగు పొక్కులో పొడిచింది. ఎన్నాళ్లకో గుండెనిండా గాలి వచ్చింది నాకు. ఆ రోజు వాగులూ వంకలూ దాటుతూ దడదడలాడుతూ ఎలా పరుగెత్తానో. లోపల వాళ్లిద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుతూనే ఉన్నారు. గుంపులో ఆ కబురు పెడితే అందరూ మెచ్చుకున్నారు. మాస్టారు మాత్రం, "అయినా ఆ వైరు గూడ ఒకపారి చూసుకోండ్రి" అన్నాడు.

రోగం కుదిరింది కదా, ఇక గంగారాం రానవసరం లేదు. కానీ వారం తిరక్కుండానే స్వరాజ్యం ఫోను చేసింది. "ఎడమదిక్కు ఏదో టకటక కొడుతున్నది."

నాలో ఏ టకటకా లేదు. గంగారాం వచ్చి, చెవి ఆనించి, "అవును, సన్నగ వినవడుతున్నది" అన్నాడు. నాకు మతిపోయింది. ఆ తర్వాత కుడివైపు గిరగిర వచ్చింది, కింద కిచకిచ వచ్చింది. ఒక్కటీ నాది కాదు. ఆయన నా ఆయిలు చూసేవాడు, ఆమె టీ తెచ్చేది, ఆయన మళ్లీ అదే ఆయిలు చూసేవాడు. గుంపులో రోజుకో కొత్త చప్పుడు గురించి చదివి చదివి, ఉండబట్టలేక ఒకనాడు మాస్టారే దిగాడు. నా చుట్టూ తిరిగి, నడిపించి, ఆపించి, తువాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"బండికేం రోగం లేదమ్మా. రోగం మీ ఇద్దరికున్నది. లగ్గం చేసుకోండ్రి."

స్వరాజ్యం టీ గ్లాసు కేసి చూసింది. గంగారాం నా బానెట్ చప్పున మూసేసి, తన వేలే నలిపేసుకున్నాడు.

ముహూర్తం పెట్టారు. గుట్ట కింది గుడిలో పెళ్లి. పందిరికి పూలు స్వరాజ్యమే కట్టుకుంది. పొద్దున్నే పసుపు చీరలో, నుదుట బాసింగంతో వచ్చి కూర్చుంది. చుట్టాలు వచ్చారు. పంతులు వచ్చాడు. గంగారాం రాలేదు. ఫోను చేస్తే మోగడం లేదు.

చాలా ఏళ్ల కిందట ఆమెకు ఒక సంబంధం ఖాయమైందట. ఆ పెళ్లికొడుకు పీటల దాకా రాకుండానే మాయమయ్యాడట. ఆ సంగతి ఆరోజే, నా పక్కన నిలబడ్డ చుట్టాల గుసగుసల్లో విన్నాను. ఆమె అన్న గుడిమెట్ల మీద కూలబడ్డాడు. "మళ్ల గట్లనే అయితున్నది చెల్లె. నీకు చెప్పిన గద, వద్దని."

స్వరాజ్యం ముఖం ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత లేచింది.

"రాకపోవుడు కాదన్నా, రాలేకపోతున్నడు. ఆయన బండి నాకెరుకే. ఎక్కడనో ఆగుంటది." తాళంచెవి అందుకుంది. పెళ్లికూతురు పోకూడదని ఎవరో అన్నారు. "పెళ్లికొడుకు లేని పెళ్లికూతురు ఈడ కూసోని ఏం జేస్తది?" అని నన్ను స్టార్ట్ చేసింది.

నా గుండె ఎంత కొట్టుకుందో చెప్పలేను. ఆ రోజు నేను ఆగితే కారుగా పుట్టినందుకు సిగ్గుచేటు. దారిలో మేకలు తప్పుకున్నాయి, బస్సులు తప్పుకున్నాయి, బాసింగం చూసి ఒక పోలీసాయన సెల్యూట్ కూడా చేశాడు.

కాలువ వంతెన దగ్గర దొరికారు. నా నీలం తోబుట్టువు బానెట్ తెరుచుకుని ఉంది, బెల్టు తెగింది. దాని కింద నుంచి పట్టుపంచె కట్టిన రెండు కాళ్లు కనిపిస్తున్నాయి. వెనక మాస్టారి కారు. సాయం చేద్దామని ఆపాడట, ఆపిన ఇంజను మళ్లీ అందుకోలేదట. గంగారాం ఫోను టార్చి వేసి వేసి చచ్చిపోయింది. మాస్టారు ఫోను ఇంట్లో మరిచిపోయాడు. ఆటోలవాళ్లు వచ్చి అడిగారట గానీ, "ఇగ అయిపోయింది, ఇంకొంచమే" అని మాస్టారు అందరినీ పంపించేశాడట.

గంగారాం బయటికి పాకాడు. మసి ముఖంలో కళ్లు మాత్రం తెల్లగా ఉన్నాయి. ఆమెను చూసి గబగబా లేచాడు.

"ఎక్కుతవా?" అంది స్వరాజ్యం.

ఆయన నీలం కారు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "గిట్ల దారిల ఇడిసిపెట్టి ఎట్లొస్త?"

ఇంకెవరైనా అయితే అక్కడే పెళ్లి చెడిపోయేది. స్వరాజ్యం మాత్రం కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. నవ్వుతూనే నా డిక్కీ తెరిచి, పందిళ్లు బిగించే మోకు తీసింది. ఒక కొస నాకు, ఒక కొస నీలందానికి. మాస్టారు తన కారుకు తాళం వేసి నాలో ఎక్కాడు. గంగారాం తన కారు స్టీరింగు పట్టుకున్నాడు.

రెండు బండ్ల బరువూ నాదే. ఎక్కడ ఎత్తు వచ్చినా పళ్లు బిగించి లాగాను. అద్దంలో చూస్తే వెనక పెళ్లికొడుకు మసి ముఖంతో, చెవులదాకా నవ్వుతూ వస్తున్నాడు. గుడి ముందుకు అలాగే వెళ్లాం. మేళంవాళ్లు ఒక్కసారి తెల్లబోయి, తర్వాత ఉన్న బలమంతా పెట్టి వాయించారు. అన్న మెట్ల మీంచి లేచి పరుగున వచ్చి, బావ ముఖం తన కండువాతోనే తుడిచాడు.

పంతులు చేతి గడియారం చూసుకుని, "ఘడియ ఇంకా ఉన్నది. ముందు ఆ తాడిప్పుండ్రి" అన్నాడు.

"ఉండనీయుండ్రి పంతులుగారూ," అంది స్వరాజ్యం, దిగుతూ. "వాపసు పోవుడు గూడ గిట్లనే గద."

ఇప్పుడు నేనూ నీలందీ ఒకే రేకుల షెడ్డులో పక్కపక్కన ఉంటాం. పొద్దున్నే వాళ్లు వచ్చి చెరొక తాళం తిప్పుతారు. ఏది స్టార్టయితే అందులో ఇద్దరూ కలిసి వెళతారు. ఏదీ కాకపోతే గుంపుకు ఫోను చేస్తారు, అదొక పండగ. ఎప్పుడో అరుదుగా రెండూ ఒకేసారి స్టార్టవుతాయి. అప్పుడు మాత్రం పాపం, ఏం చేయాలో తోచక ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. చివరికి ఎవరో ఒకరు తమ కారు ఆపేసి, పక్కదాంట్లోకి వచ్చి కూర్చుంటారు.