నెమలి ఎటు చూస్తేనేం

స్కూటరును ఎడమవైపుకు వంచి, కాసేపు అట్లే పట్టుకుని, మళ్ళీ నిలబెట్టి కిక్కు కొడితేగానీ మున్వర్ బండి కదలదు. వంగినప్పుడల్లా కళ్ళద్దాలు ముక్కు మీదికి జారతాయి, చొక్కా గుండీలు పొట్ట దగ్గర బిగుసుకుంటాయి. రోజూ జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు ఆ బండి మీదే. అక్కడ బంగారు అంగళ్ళకు బిల్లుల సాఫ్ట్‌వేరు చేసే చిన్న కంపెనీలో అతడు ప్రోగ్రామరు. నలభై దాటాయి.

ఇంజను అందుకునేలోపే ఎదురింటి యశోదమ్మ మగ్గం గుంటలోంచి కేకేసింది.

"ఏమప్పా మున్వరూ, ఒకసారి ఇట్లా వచ్చిపో. మీ ఆఫీసు పాప బట్ట నేస్తాండా. ఈ ఇంగ్లీషు అక్షరాలు నాకేం తెలుస్తాయి? సరిగ్గా ఉండాయేమో చూడు."

వంగపండు రంగు బట్ట. అంచున నెమళ్ళు, వాటి మీద ఇంగ్లీషు అక్షరాల్లో బెంగళూరులో జరిగే ప్రోగ్రామర్ల కాన్ఫరెన్సు పేరు. యశోదమ్మ బట్ట కింద అద్దం పెట్టి మరీ చూపించింది. పైన చూసినా, అద్దంలో చూసినా పేరు చక్కగా చదవడానికి వస్తోంది.

మున్వర్ కళ్ళద్దాలు పైకి తోసుకుని మళ్ళీ చూశాడు. వాళ్ళమ్మ ఈ ఇంట్లోనే కండెలు చుట్టింది. చిన్నప్పటి నుంచి ఈ మగ్గం పక్కనే పెరిగినవాడు. ఇక్కడ బట్టను బోర్లా నేస్తారు, అసలు ముఖం కిందికి ఉంటుంది. పైన సరిగ్గా ఉందంటే కింద తిరగబడిందనే. అద్దం ఆ తిరగబడినదాన్ని మళ్ళీ తిప్పి చూపిస్తుంది కాబట్టి దాన్నీ నమ్మడానికి లేదు. నెమలితో ఈ తిప్పలు లేవు, అది తూర్పుకు చూసినా పడమరకు చూసినా నెమలే. అందుకే ఆ ఆఫీసు పాప సాహితి మగ్గం బొమ్మల కోసం రాసిన ప్రోగ్రాంలో ఈ తప్పు ఇన్నాళ్ళూ ఎవరి కంటా పడలేదు.

"బాగుండాయి పెద్దమ్మా," అన్నాడు.

బండి ఎక్కాక కూడా ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని నమ్మబుద్ధి కాలేదు. కానీ వెనక్కి తిరగలేదు.

సాహితి అంటే ప్రొద్దుటూరు బట్టల అంగడివాళ్ళ అమ్మాయి. రెండేళ్ళ కింద ఆఫీసులో చేరింది. మగ్గం పైన తిరిగే అట్టలకు చిల్లులుంటాయనీ, చిల్లు ఉంటే దారం లేస్తుంది లేకపోతే లేవదనీ, అదీ ఒక ప్రోగ్రామేననీ ఆమెకు టీ తాగుతూ చెప్పింది మున్వరే. కంప్యూటర్లో బొమ్మ గీస్తే అట్టకు ఎక్కడ చిల్లు కొట్టాలో చెప్పే ప్రోగ్రాం అతడి సొంత ముచ్చట. ఎనిమిదేళ్ళుగా రాస్తున్నాడు. మూడు భాషల్లో మూడుసార్లు మొదటి నుంచి తిరగరాశాడు. బొమ్మను కుడిఎడమలు తిప్పే వరుస అందులో మొట్టమొదటి రోజే రాశాడు. అంత చక్కని కోడు కడప జిల్లాలో ఇంకెవరూ రాసి ఉండరు. ఒక్క నేతగాడి చేతికీ అది అందలేదు. పునాది గట్టిగా ఉందా లేదా అని తవ్వి తవ్వి చూసుకునేవాడు ఇల్లెప్పుడు కడతాడు?

సాహితి దసరా సెలవుల్లో కూర్చుని గజిబిజిగా ఒకటి రాసి, తీసుకుపోయి యశోదమ్మకు ఇచ్చింది. ఇప్పుడు వీధంతా దాంతోనే నేస్తోంది. తన ప్రోగ్రాం గురించి వచ్చి మాట్లాడతానని కాన్ఫరెన్సువాళ్ళకు మున్వర్ ఎన్నోసార్లు రాశాడు. ఈసారికి కుదరదన్నారు ప్రతిసారీ. ఆమె ఒక్కసారి రాసింది, రమ్మన్నారు. ఆ కబురు తెలిసిన రోజు మున్వర్ అందరికీ మిఠాయి పంచాడు గానీ, తను మాత్రం ఒక్కటీ నోట పెట్టలేదు.

ఆ రోజు ఆఫీసులో ఎప్పటి పనే. ఒక అంగట్లో బంగారం తరుగు బిల్లులో రెండుసార్లు పడుతోందని ఫోను వస్తే పోయి సరిచేసి వచ్చాడు. మధ్యాహ్నం సాహితి తన ఉపన్యాసం అందరి ముందూ చెప్పి చూపించింది. మున్వర్ అక్షరాల సైజు పెంచమన్నాడు, పసుపు రంగు వద్దన్నాడు, మాట్లాడేటప్పుడు చేతులు ఊపొద్దన్నాడు. అడక్కపోయినా ఇన్ని చెప్పినవాడు ఆ ఒక్కటీ చెప్పలేదు. స్టేజీ మీద బట్ట విప్పుతుంది, అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి, నవ్వుతారు. నవ్వనీ. ఒక్కసారి నవ్వితే ఏం పోతుంది? అట్లా అనుకోవడంలో వెచ్చగా ఒక సుఖం ఉంది, దాన్ని వదులుకోబుద్ధి కాలేదు.

"ఇంకేమన్నా తప్పుంటే చెప్పన్నా," అంది సాహితి. "నువ్వు చూస్తే నాకు శానా ధైర్యం."

"ఏం ల్యా. బాగుంది."

సాయంత్రం యశోదమ్మ పంపిన పొట్లాలు రెండు జమ్మలమడుగు బస్సులో వచ్చాయి. మున్వర్ నమాజు చేసుకుని వచ్చేసరికి సాహితి ఆటోలో కూర్చుని ఉంది. పొట్లం విప్పలేదట, విప్పితే మడత చెడుతుందట, బెంగళూరులో అందరి ముందూ విప్పుతుందట. ఆటో కదిలేముందు తల బయట పెట్టి, "రెండోది నీకే అన్నా. నీ కుర్చీ మీద పెట్టినా," అంది. ఆటో బంగారు అంగళ్ళ వీధి దాటి బస్టాండు వైపు మళ్ళింది.

పైన ఆఫీసులోకి వచ్చి పొట్లం విప్పాడు. నెమళ్ళు, తిరగబడ్డ కాన్ఫరెన్సు పేరు, అంతా తాను అనుకున్నట్టే. దాని కింద, పొద్దున మగ్గం మీద ఇంకా నేయని చోట, మూడు పేర్లు ఉన్నాయి. చివర సాహితి. నడుమ యశోదమ్మ. అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాల్లో, అతడిది. అదీ తిరగబడే, కుడి నుంచి ఎడమకు.

ఆమె సంచిలో ఉన్నదీ ఇట్లాంటిదే. ఇన్నేళ్ళుగా ఏ స్టేజీ ఎక్కాలని అల్లాడాడో ఆ స్టేజీ మీదికే అతడి పేరు పోతోంది.

చాలాసేపటికి సాహితికి ఫోను చేశాడు. బస్సు పులివెందులలో ఆగి ఉందట.

"చూసినావా అన్నా? పైన పేరు నీదే."

చెప్పాలంటే పొద్దున చూసిన సంగతీ చెప్పాలి. యశోదమ్మకు ఏమన్నాడో, మధ్యాహ్నం ఎందుకు నోరు మూసుకున్నాడో అన్నీ చెప్పాలి.

"చూసినా," అన్నాడు.

"అంతా సరిగ్గా ఉంది గదా?"

"ఉంది. పోయిరా."

బండి కదులుతోందంటూ ఆమె ఫోను పెట్టేసింది. మున్వర్ బట్టను కుర్చీ వీపు మీద వేసి, లైటు ఆర్పడం మరిచిపోయి, మెట్లు దిగాడు. ఖాళీ గదిలో, చీకటి పడ్డ కిటికీ అద్దంలో మాత్రం అతడి పేరు చక్కగా, ఎవరైనా చదువుకునేట్టుగా కనిపిస్తోంది.