ఏడాది ఆగితే

పెళ్లికూతురు తల తిప్పి నవ్వబోయేసరికి తెర మీద బొమ్మ బిగుసుకుపోయింది. ఉదయం నుంచి ఇది నాలుగోసారి. మూడు సెకన్ల తర్వాత కదిలింది గాని అప్పటికి నవ్వు అయిపోయింది. బల్ల కింద కంప్యూటర్ ఫ్యాను ఉబ్బసం మనిషిలా రొద చేస్తోంది. ఎడిటర్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ఆ రొద తగ్గేదాకా కుర్చీలో వెనక్కి వాలాడు.

యాభై రెండేళ్ల మనిషి. వంగి కూర్చుని కూర్చుని మెడ ముందుకు సాగింది. బల్ల అంచుకు ఒరుసుకుని కుడి మణికట్టు కింద కాయ కాచింది. వయసులో ఉండగా ఫొటో స్టూడియోలో కెమెరా పట్టాడు గాని చెయ్యి సన్నగా వణికేది. "నువ్వు లోపల కూర్చుని కత్తిరించుకోవయ్యా" అన్నాడు యజమాని. ఇరవై నాలుగేళ్లుగా కత్తిరిస్తూనే ఉన్నాడు. ఏ పెళ్లికీ వెళ్లడు. అయినా ఏ బాబాయి ఫొటోకు ముందు పొట్ట లోపలికి లాక్కుంటాడో, ఏ అత్త ఎవరి పక్కన నిలబడదో అతనికి తెలుసు. ఒకసారి బజారులో ఒకావిడ ఎదురైతే, నెల రోజులు తెర మీద చూసిన ముఖం కదా, చుట్టాన్ని చూసినట్టు నవ్వాడు. ఆవిడ చేతిసంచి దగ్గరికి లాక్కుని గబగబా నడిచిపోయింది. ఆ సంగతి విని అతని భార్య ఆసుపత్రి డ్యూటీకి జడ వేసుకుంటూ వేసుకుంటూ ఆపి మరీ నవ్వింది.

"మళ్లీ ఆగిందా అల్లుడూ?" కిటికీ పక్క మంచం మీంచి మామ అడిగాడు.

"ఆగింది మామయ్యా."

"ఇంజను వేడెక్కింది. కాసేపు వదిలెయ్."

మామ ముప్పై ఒక్కేళ్లు బస్సు నడిపాడు. ఇప్పుడు డెబ్బై ఎనిమిది. కూతురు ఆసుపత్రికి వెళ్లిపోతే పగలంతా ఇంట్లో ఈ ఇద్దరు మగవాళ్లూ, ఒక కంప్యూటరూ. నిరుడు అల్లుడు బస్సు నడిపే ఆట ఒకటి తెచ్చి, బల్లకు ప్లాస్టిక్ స్టీరింగు బిగించాడు. మొదటిరోజు మామ దాని ముందు కూర్చుని, "పక్క అద్దాలేవి?" అని అడిగాడు. అద్దాలు ఎలా చూడాలో నేర్చుకున్నాకే బండి తీశాడు. అప్పటినుంచి సాయంత్రం అయిదు దాటితే కంప్యూటరు ఆయనది. ఎడమకాలు మోకాలి దగ్గర మడత పడదు. రెండు చేతులతో ఎత్తి పెడలు మీద పెట్టుకునేవాడు. తెరలోని ప్రయాణికులకు కూడా "కాస్త లోపలికి జరగండమ్మా" అని చెప్పేవాడు.

ఉద్యోగంలో ఎప్పుడూ చదునైన దారే దొరికింది. కొండదారికి రెండుసార్లు అర్జీ పెట్టుకున్నా ఇవ్వలేదు. అందుకని ఆటలో కొత్తగా కొండదారి వచ్చిందనగానే కొత్త చొక్కా వేసుకుని కూర్చున్నాడు. మూడో మలుపులో బొమ్మ ఆగింది. కదిలేసరికి బస్సు రాతిగోడలో ఉంది. తెర మీద అక్షరాలు పడ్డాయి: ప్రమాదాలు, ఒకటి.

మామ స్టీరింగు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ముప్పై ఒక్కేళ్లలో నా బండికి గీత పడలేదు" అన్నాడు మెల్లగా. అంతే. పదకొండు రోజులై మళ్లీ ఆ కుర్చీ ఎక్కలేదు. అడిగితే కళ్లు లాగుతున్నాయంటాడు.

మధ్యాహ్నం ఎడిటర్ కంప్యూటర్ డబ్బా తీగలు పీకి, స్కూటరు మీద కాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

"ఎక్కడికి?"

"షెడ్డుకు మామయ్యా."

మరమ్మతు దుకాణం ఒక మెట్ల కింద ఇరుకు గది. మెకానిక్ అమ్మాయి మూత విప్పి, లోపలి దుమ్ము బ్రష్షుతో దులిపింది. "ప్రాసెసర్ మార్చాలంటారు. వీడియోలకా, ఆటలకా?"

"వీడియోలకే" అన్నాడు, ఎందుకో సిగ్గేసి.

"అయితే తొందరేం లేదండి. చిన్న సైజు కాపీలు చేసుకుని వాటిమీద కత్తిరించండి. చివర్లో అసలువి తగిలించుకోవచ్చు. ఈ బోర్డు మీద ఇంకొక్క మెట్టు పై ప్రాసెసరే పడుతుంది, అంతే. ఆ పైన దారి లేదు. ఇప్పుడు దీనికి పెట్టడం దండగ. ఏడాది ఆగండి, మొత్తం కొత్తది కట్టిస్తాను."

ఆ అమ్మాయి చెప్పింది నిజం. తన దగ్గరికి ఎవరైనా వచ్చి అడిగితే తనూ అదే చెప్పేవాడు. డబ్బా మూత తీసుకుని బిగించబోయాడు. ఏడాది. రెండు చేతులతో ఎత్తి పెట్టుకునే ఆ ఎడమకాలు గుర్తొచ్చింది. మూత కింద పెట్టేశాడు.

"ఆటలకండి" అన్నాడు. "మా మామగారు బస్సు నడుపుతారు. మలుపులో బొమ్మ ఆగిపోతోంది."

ఆ అమ్మాయి చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. "ఎంత వయసండీ?"

"డెబ్బై ఎనిమిది."

ఆ అమ్మాయి అతనికి స్టూలు జరిపి, పై అరలోంచి చిన్న పెట్టె తీసింది. పాత ప్రాసెసర్ తీసి, ఫ్యాను అడుగున గట్టిపడిన పేస్టు గీకి, కొత్త ప్రాసెసర్ కూర్చి, దాని మీద గోరంత పేస్టు రాసి, ఊపిరి బిగబట్టి ఫ్యాను బిగించింది.

అయిదుకు డబ్బా మళ్లీ బల్ల కిందికి చేరింది. "మామయ్యా, ఒకసారి మీరు నడిపి చూడాలి. ఆగుతోందో లేదో నాకు తెలియాలిగా" అన్నాడు ఎడిటర్.

"ట్రయలా?"

"ట్రయలే."

ట్రయలు కాబట్టి మామ లేచాడు. కాలు ఎత్తి పెట్టుకున్నాడు. అద్దాలు రెండూ చూశాడు. మొదటి మలుపు, రెండో మలుపు. మూడోదాని దగ్గర వేగం తగ్గించి, గేరు దించి, భుజాలు కాస్త వాల్చాడు. గోడ పక్కనుంచి జరిగిపోయింది. లోయ కుడివైపు తెరుచుకుంది. "పైన చలిగా ఉంటుందమ్మా, కిటికీ వేసుకో" అన్నాడు ఎవరితోనో. డ్యూటీ నుంచి వచ్చిన కూతురు చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి చూసింది. కొండ మీద ఆఖరి స్టాపులో బండి ఆపి మామ బ్రేకు లాగాడు.

"ఇంజను మార్చావు" అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండా.

"నా పని కోసమే మామయ్యా."

"అవునవును. ఈ మధ్య పెళ్లికూతుళ్లంతా బస్సులో కొండెక్కుతున్నారు."

తర్వాత యాభై మూడు రోజులు మామ ఆ దారి నడిపాడు. యాభై నాలుగో రోజు ఎడిటర్ అయిదింటికి కుర్చీ ఖాళీ చేసి, "మామయ్యా, బండి రెడీ" అన్నాడు. మామ కిటికీ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఇంకోసారి పిలిచి, దగ్గరికి వెళ్లి పాదం ముట్టుకున్నాడు. ఎంతోమంది నాడి చూసిన భార్య ఆసుపత్రి నుంచి ఆదరాబాదరా వచ్చి తండ్రి మణికట్టు పట్టుకుంది. చూడాల్సింది చూశాక కూడా ఆ చెయ్యి చాలాసేపు వదల్లేదు.

నెల తర్వాత, పని ఒత్తిడి తగ్గిన ఒక ఉదయం, ఎడిటర్ బల్ల దుమ్ము తుడుస్తుంటే మానిటరు వెనక సన్నటి పొడుగాటి నోటుపుస్తకం దొరికింది. పేజీకి నాలుగు గడులు, స్కేలుతో గీసినవి. బయలుదేరిన వేళ, చేరిన వేళ, ప్రయాణికులు, బండి స్థితి. ఆఖరి యాభై మూడు వరసల్లోనూ నాలుగో గడిలో ఒకటే మాట: బాగుంది. ఎడిటర్ దాన్ని తుడిచి, ఎక్కడుందో అక్కడే పెట్టాడు. అట్ట నీలం రంగు ఇంకా పోలేదు గాని, బొటనవేలు ఆనించే చోట మాత్రం వెలిసి, నున్నగా మెరుస్తోంది.