గోదావరికి ఇవ్వని గుల్ల

నేను ఒక సముద్రపు నత్తగుల్లను. ఇప్పుడు రాయిని. హిమాలయాలు ఇంకా పుట్టనప్పుడు, నమ్మకపోతే మీ ఇష్టం, రాజమండ్రి అవతలి సున్నపురాతి క్వారీ ఉన్నచోట సముద్రం ఉండేది. నా దారిన నేను పాకుతుంటే మరో నత్త మీదెక్కి, నా వీపుకు గుండ్రంగా బెజ్జం పెట్టి, లోపలున్న నన్ను తినేసింది. మాలో మేమే తినుకోవడం మీకు వింతగా ఉండదనుకుంటాను.

క్వారీలో రాయి కొట్టే లోవమ్మ సుత్తి దెబ్బకు బయటపడ్డాను. బెజ్జం సిద్ధంగా ఉంది కదా అని నల్లతాడు ఎక్కించి, తన చంటిపిల్ల నూకరత్నం మెడలో కట్టింది. ముందు పుట్టిన ఇద్దరూ ఆమెకు దక్కలేదు. నన్ను చంపిన బెజ్జమే పిల్లకు కాపలా అయింది.

ఒకనాడు కాలేజీలో రాళ్ళ పాఠం చెప్పే హైమావతి మేడమ్ వచ్చింది. పిల్ల మెడలో నన్ను చూసి ఆగిపోయింది. భూతద్దంతో నా చుట్లూ గీతలూ చూసి, ఈ జాతికి ఇంకా ఎవరూ పేరు పెట్టలేదంది. ఆమెకు దొరికినవన్నీ మూతి విరిగినవేనట. పేరు నిలవాలంటే నాలాంటి నిండు గుల్ల మ్యూజియంలో ఉండాలట.

"పుట్టెంట్రుకలు తీసేదాకా తాడు తెంపకూడదండి. తెంపాక జుట్టుతోపాటు గోదారికిచ్చేయాలండి," అంది లోవమ్మ.

"అందాకా ఆగుతానమ్మా. ఆ తరవాత నాకిస్తావా?"

"గోదారమ్మకి ఎగ్గొట్టమంటారేటండీ?"

మేడమ్ పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని మైనపు ముద్దలో నా అచ్చు తీసుకుంది. పుట్టువెంట్రుకల నాడు, గోదావరికి నా బదులు ఇవ్వమని, బెజ్జంతో సహా నాలాగే ఉన్న సున్నపు బొమ్మతో రేవుకు వచ్చింది.

లోవమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది ఎవర్నీ కాయలేదు కదండీ. గోదారి ఒప్పుద్దా?"



"పిల్ల ఏడుపందుకుంటే నా కత్తి ఆడదు తల్లీ, ఏదో ఒకటి తేల్చు," అన్నాడు గుండు చేసే పెద్దాయన.

లోవమ్మ కళ్ళు మూసుకుని, తాడు తెంపకుండా ముడి విప్పింది. నన్ను తీసి బొమ్మను ఎక్కించి, మళ్ళీ పిల్ల మెడలో కట్టింది. గుండు పూర్తయ్యేదాకా దాన్నే కాపలా కాయనిచ్చింది. తరవాత తాడు తెంపి, జుట్టుతోపాటు గోదావరిలో విడిచింది. గోదావరి పోయేది సముద్రానికే. నేను పోవాల్సిన ఊరికి నా బొమ్మ పోయింది.

నేను మ్యూజియం సొరుగులో దూది మీద ఉన్నాను. నా జాతిపేరులో నూకరత్నం పేరుంది. బెజ్జం అంచు ఒకవైపు నున్నగా అరిగిందని నా వర్ణనలో రాశారు, ఎందుకో రాయలేదు.

మేడమ్ సొరుగు తెరిచినప్పుడల్లా, భూతద్దం తీయకముందే నాతో చిన్నగా ఒక మాట చెబుతుంది. చదువుకున్న మనిషి, రాయితో మాట్లాడుతుంది.

"పిల్ల బాగుంది."