తప్పుగా పెట్టిన గుర్తు

ఆమని యానాం నుంచి పుదుచ్చేరికి పీజీ చదవడానికి వచ్చింది. నేల తీరు చూసి, పాతకాలం మనుషులు ఎక్కడ బతికారో, చనిపోయినవాళ్ళను ఎక్కడ పూడ్చారో కనిపెట్టే చదువు అది. ముదలియార్‌పేటలో గది తీసుకుంది. వారానికి రెండు రోజులు బస్సెక్కి విల్లియనూరు అవతలి పొలాలకు పోయి, ఎర్రమట్టి దిబ్బల మీద కుండపెంకులు ఏరి, ఆ చోటు ఫోనులో గుర్తు పెట్టుకునేది. శనివారం ఆ గుర్తులను సీనియర్ ఫణిధర్‌కు పంపేది. మ్యాపు గీసేది అతనే.

మూడో నెలలో ఒకరోజు ఆ పొలాల రైతు సుబ్బరాయలు ఆమెకోసం పొలం గట్టు మీదే కాచుకుని ఉన్నాడు. ముత్తాతల కాలంలో ఇక్కడికి వచ్చి స్థిరపడిన తెలుగు రైతుల కుటుంబం ఆయనది.

“ఏంది పాపా ఇది? నువ్వు చూసిపోయిన కాడల్లా ఎవురో తవ్వతా ఉండారు.”

దిబ్బ నడుమ నిలువులోతు గుంట. అడుగున ఎముకలు పెట్టి పూడ్చిన పెద్ద బాన పగిలి ఉంది. లోపల అమ్మితే డబ్బొచ్చే పాత పూస ఒక్కటి కూడా మిగల్లేదు. చుట్టుపక్కల అన్ని దిబ్బలుంటే, తవ్వింది మాత్రం ఆమె గుర్తు పెట్టిన మూడింటినే. ఆ గుర్తులు తనకూ ఫణిధర్‌కూ తప్ప మూడోమనిషికి తెలియవు.

అతన్ని నిలదీసే ధైర్యం చాలలేదు. కొత్తగా దొరికిన ఎనిమిది దిబ్బల సంగతి దాచుకుని, అతనేనా అని తేల్చుకోవడానికి ఆ శనివారం ఒక అబద్ధపు గుర్తు పంపింది. సుబ్బరాయలు వేరుశనగ చేను మూల అది. చదును నేల. దిబ్బ లేదు, పెంకు లేదు.

మంగళవారం పొద్దున సుబ్బరాయలు ఫోన్ చేశాడు. “బిరీన రా పాపా,” అని మాత్రం అన్నాడు.

చేను మూలన గుంట. పక్కన తోడిపోసిన మట్టిలో ఆయన భార్య కనకం కూలబడి, పిడికిలి పిడికిలిగా వెతుకుతోంది.

“ఏం పోయింది పిన్నీ?”

“నా బిడ్డ. తొమ్మిదినాళ్ళ బిడ్డ. ముప్పై ఏండ్ల కిందట ఈడనే పెట్టినాం. మా ఇద్దురికి తప్ప ఎవురికీ తెలీదే! వాళ్ళకెట్ట తెలిసె?”

ఆమని దాచలేకపోయింది. “నేనే చెప్పాను పిన్నీ. ఇక్కడేమీ లేదనుకున్నాను.”

కనకం ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత మళ్ళీ మట్టిలోకి వంగింది. “ఈడనుంచి పో,” అంది, గొంతు పెంచకుండా.

ఆ మధ్యాహ్నమే సుబ్బరాయల్ని వెంటబెట్టుకుని ఆమని పోలీసు స్టేషన్‌కు వెళ్ళింది. అధికారి మర్యాదగా కూర్చోబెట్టి, తెల్లకాగితం ఇచ్చాడు. ఆమని తవ్విన చోట్లన్నీ రాసి అతని ముందుకు జరిపింది.

“తవ్వనివి కూడా రాయమ్మా. కాపలా పెడతాం,” అన్నాడు అతను తమిళంలో.

“అవేం లేవు సార్.”

“ఇంకా కొన్ని దాచావని ఫణిధర్ చెప్పాడే?”

అప్పటిదాకా ఆ పేరు ఆమె ఎత్తనే లేదు.

ఆమని కాగితం చేతిలోకి తీసుకుని లేచింది. అతను ఆపలేదు. నవ్వుతూ ఆమె ముదలియార్‌పేట గది ఏ వీధిలో ఉందో అడిగాడు.

బయటికి రాగానే ఫోను తీసి ఎనిమిది గుర్తులూ ఒక్కొక్కటే చెరిపేసింది.

“మరి నీ సదువు?” అన్నాడు సుబ్బరాయలు.

యానాం బస్సు ఎన్ని గంటలకో కనుక్కోమంది ఆమె.