నెల నిండని ఒట్టు

మా తండాకు బస్సు కావాలని బాపు ఏడాది పాటు డిపో చుట్టూ తిరిగాడు. "రోడ్డు ఇరుకు, ముందు వెడల్పు చేయించుకోండి" అన్నారు వాళ్లు. బాపు పేరు బాల్‌సింగ్, తండాకు నాయక్. ఇంటింటికీ తిరిగి ఒప్పించాడు. అందరి వాకిళ్లూ పోయాయి. మా అమ్మ, అంటే మా యాడి, వండుకునే పందిరి కూడా పోయింది. అంత చేస్తే ఆ రోడ్డు మీదికి ముందు ఇసుక లారీలొచ్చాయి, తర్వాత జీపులొచ్చాయి. బస్సు రాలేదు.

మళ్లీ వెళ్లి అడిగితే, "జీపులున్నాయి కదా, ఇంక బస్సెవరెక్కుతారు?" అన్నారు. ఆ తెలివికి దండం పెట్టాలి. చివరికి నెల రోజులు నడిపి చూస్తామన్నారు, జనం ఎక్కకపోతే బంద్. ఆ సాయంత్రమే బాపు తండా మొత్తాన్ని కూర్చోబెట్టి, నెల నిండేదాకా ఎవరమూ జీపెక్కబోమని మా లంబాడీల దైవం సేవాభాయా మీద ఒట్టు పెట్టించాడు.

పన్నెండు రోజులు బస్సు కిక్కిరిసి నడిచింది. పదమూడో రోజు ఆర్టీసీ వాళ్లు తెలంగాణ కోసం సమ్మెలోకి దిగారు. మేమూ జై కొట్టినవాళ్లమే, ఎవరిని తిట్టుకోను? బస్సు ఆగింది. ఒట్టు అలాగే ఉంది.

ఆ వారమే విజయవాడలో నా బ్యాంకు పరీక్ష. అది తప్పితే మళ్లీ ఏడాది మిరప చేలో కూలికి పోవాలి. రైల్‌రోకో మొదలయ్యేలోపు మహబూబాబాద్ నుంచి వెళ్లే చివరి రైలు పొద్దున తొమ్మిదింటికి. పోలీసు బందోబస్తుతో ఓ బస్సు వస్తుందని ఎవరో అంటే ఆరున్నర దాకా చూసి, నేనూ బాపూ నడక మొదలుపెట్టాం. పద్దెనిమిది కిలోమీటర్లు.

"ఒట్టు పెట్టించింది నువ్వే గదా బాపూ, నువ్వే తీసెయ్యి."

"నాయకే తప్పితే రేపు నా మాట ఎవరింటరు బిడ్డా?"

ఒక జీపు హారన్ కొట్టి దాటిపోయింది. బాపు తల తిప్పలేదు. ఐదు కిలోమీటర్లు నడిచాక నా చేతి గడియారం వైపు చూశాడు. ఏడూ ముప్పావు. పక్క తండా తుల్సీరాం జీపు వస్తోంది. బాపు చెయ్యెత్తాడు.

జీపు ఆగింది. వెనక సీటంతా ఖాళీ.

"దీపను ఎక్కించుకో తుల్సీరాం. నేను ఎక్క. తప్పంత నా మీదనే."

తుల్సీరాం స్టీరింగ్ వదిలి చేతులు జోడించాడు. "నీ ఒట్టు సంగతి మా తండాల గూడ అందరికి ఎరికే నాయక్. సేవాభాయా మీద పెట్టినవ్. నాకు చిన్నపిల్లలున్నరు. నా బండిల ఒట్టు తప్పనియ్యకు."

"పెట్టింది నేనే గదర!"

"గందుకే భయం."

జీపు వెళ్లిపోయింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. వాడి మీద కాదు, బాపు మీద, ఆ డిపో మీద, ఈ తండాలో పుట్టినందుకు నా మీద కోపం వచ్చింది. ఏదో ఒకటి అనేద్దామని తిరిగాను. బాపు ఎత్తిన చెయ్యి ఇంకా పూర్తిగా దించలేదు.

"జర జల్ది నడువు బిడ్డా" అన్నాడు. ఇంకా పదమూడు కిలోమీటర్లు, మిగిలింది గంటంపావు. ఆయన ముఖం చూడలేక నేనే ముందు నడిచాను.